టెక్ సందేహాలు: గన్ బురదలో తిరుగుతున్నట్టుంటే

ప్రశ్న: ఇన్నాళ్లూ ఫోన్‌లో బీజీఎంఐ అనే కాల్పుల గేమ్ ఆడేవాణ్ని. ఈమధ్యే పీఎస్5 గేమ్ కన్సోల్ కొన్నాను. వార్‌జోన్ గేమ్‌లో గన్ బురదలో తిరుగుతున్నట్టుంది. సెన్సిటివిటీ (స్టిక్ తోస్తే చూపు తిరిగే వేగం) 6 నుంచి 12కి పెంచితే ఎదుటివాణ్ని దాటి అవతలికి పోతోంది. తగ్గిస్తే నేను తిరిగేలోపే కాల్చేస్తున్నారు. ఆడగా ఆడగా అలవాటవుతుందా, సెట్టింగుల్లోనే లోపమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. గన్ ఆలస్యంగా కదులుతోందా, నెమ్మదిగా కదులుతోందా? ఆడేవాడికి రెండూ ఒకేలా అనిపిస్తాయి, మందు మాత్రం వేరు. ఆలస్యం ఉన్నచోట సెన్సిటివిటీ పెంచితే మీరు రాసినట్టే అవుతుంది. తెర మీద ఇంకా కదల్లేదు కదా అని బొటనవేలు ఇంకాస్త తోస్తుంది. గన్ బయల్దేరేసరికి ఆ అదనపు తోపు కూడా లెక్కలోకి వచ్చి, గురి దాటిపోతుంది.

తేల్చడానికి ఫోన్ చాలు. కెమెరాను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, మీ బొటనవేలు, టీవీ తెర రెండూ కనబడేలా ఆనించండి. 960 అని రాసి ఉన్న మోడ్ వద్దు, చాలా ఫోన్లు అందులో మధ్య ఫ్రేముల్ని కల్పించి పెడతాయి. ప్రాక్టీస్ మ్యాచ్‌లో స్టిక్‌ను ఒక్కసారిగా పక్కకు తోయండి. వేలు కదిలిన ఫ్రేము నుంచి తెర కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేముకు సుమారు 4.2 మిల్లీసెకన్లు. 25 ఫ్రేముల లోపు వస్తే ఆలస్యం పెద్దగా లేనట్టే, సెట్టింగుల దగ్గరికి వెళ్లొచ్చు. 40 ఫ్రేములు దాటితే మాత్రం గేమ్ సెట్టింగుల్ని ముట్టుకోకండి, మొదటి అనుమానం టీవీ మీదే.

బొమ్మను నునుపు చేయడానికి, మచ్చలు తీయడానికి టీవీ ఒక్కో ఫ్రేమునూ కాసేపు పట్టి ఉంచుతుంది. సినిమాకు అది తెలియదు, గేమ్‌లో చేతికి తెలుస్తుంది. టీవీలో పిక్చర్ మోడ్‌ను గేమ్‌కు మార్చండి (ఎల్‌జీలో దీని పేరు గేమ్ ఆప్టిమైజర్). రంగులు కాస్త వెలిసినట్టు కనబడతాయి, రెండు రోజుల్లో కన్ను సర్దుకుంటుంది. పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్‌లోకి వెళ్లి ఏఎల్ఎల్ఎం (ఆలస్యాన్ని తగ్గించే ఆటో లో లేటెన్సీ మోడ్)ను ఆటోమేటిక్‌లో ఉంచితే, దానికి సపోర్ట్ ఉన్న టీవీ గేమ్ మొదలవగానే తనంతట తానే ఆ మోడ్‌లోకి వెళ్తుంది. గేమ్ మోడే లేని పాత టీవీ అయితే మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ లాంటివన్నీ ఆపేయండి.

ఫ్రేమ్ రేటు సంగతి కూడా చూడండి. సెకనుకు 30 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు, 60లో 16.7, 120లో 8.3. కాబట్టి పీఎస్5 గేమ్ ప్రీసెట్స్‌లో బొమ్మ స్పష్టతకు పెద్దపీట వేసే రిజల్యూషన్ మోడ్ ఉంటే, వేగానికి పెద్దపీట వేసే పర్ఫార్మెన్స్ మోడ్‌కు మార్చండి. నెట్ స్లోగా ఉండటం వల్లే గన్ తిరగట్లేదని కొందరు రాస్తుంటారు. కాదు. చూపు తిప్పే లెక్కంతా మీ కన్సోల్‌లోనే జరుగుతుంది. పింగ్ (సర్వర్‌కు సమాచారం వెళ్లి వచ్చే సమయం) ఎక్కువైతే దెబ్బ తగిలిందా లేదా అన్న దగ్గర తేడా వస్తుంది, గురి తిరగడంలో కాదు. గేమ్ మొత్తం ఎక్కడో సర్వర్‌లో నడిచే క్లౌడ్ గేమింగ్ ఒక్కటే దీనికి మినహాయింపు.

ఇక నెమ్మది సంగతి. మొదట గురిపెట్టడానికి నొక్కే ఎల్2 బటన్. పీఎస్5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ ట్రిగ్గర్ వేలికి ఎదురు తిరిగి బరువుగా నటిస్తుంది. సెట్టింగ్స్, యాక్సెసరీస్, కంట్రోలర్స్‌లో ట్రిగ్గర్ ఎఫెక్ట్‌ను ఆఫ్ చేస్తే గురిపెట్టడం తేలికవుతుంది. అయినా గన్ కంటి దగ్గరికి రావడం ఆలస్యమైతే అది ఆయుధం గుణం. పెద్ద స్కోపు, పొడవు బ్యారెల్ తగిలిస్తే ఎవరి చేతిలోనైనా అంతే.

తర్వాత డెడ్‌జోన్. స్టిక్ మధ్యలో ఎంత కదిపినా గేమ్ పట్టించుకోని జాగా అది. మీరు చెప్పే బురదలో సగం ఇక్కడే ఉంటుంది. గేమ్ సెట్టింగుల్లో కుడి స్టిక్ డెడ్‌జోన్ మినిమమ్‌ను సున్నాకు దించి, వేలు తీసేసి తెర చూడండి. చూపు దానంతటదే జారుతుంటే ఒక్కో మెట్టు పెంచుతూ, జారడం ఆగిన చోట ఇంకో మెట్టు వేసి వదిలేయండి. బాగా పైకి వెళ్తే తప్ప ఆగకపోతే స్టిక్ అరిగిపోయిందని అర్థం, దాన్ని సెట్టింగులు బాగుచేయలేవు.

ఎయిమ్ రెస్పాన్స్ కర్వ్ (స్టిక్ ఎంత వంచితే చూపు ఎంత వేగంగా తిరగాలో చెప్పే సెట్టింగ్) స్టాండర్డ్‌లో ఉంటే డైనమిక్‌కు మార్చి చూడండి. స్టాండర్డ్‌లో స్టిక్ కొద్దిగా కదిపితే స్పందన మరీ తక్కువ, చివరికి వెళ్లాక ఒక్కసారిగా ఎక్కువ. డైనమిక్ మొదట్లోనే పలుకుతుంది. లీనియర్ మీ వేలు ఎంతో అంతే, కొత్తవాళ్లకు వణుకుగా అనిపిస్తుంది. ఇవన్నీ అయ్యాకే సెన్సిటివిటీ: 12 వద్దు, 7 దగ్గర మొదలుపెట్టండి. గురిపెట్టినప్పుడు ఆ సెన్సిటివిటీని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే మల్టిప్లయర్‌ను 0.85 – 0.90 మధ్య ఉంచండి. గోడకు ఎదురుగా నిలబడి స్టిక్‌ను చివరిదాకా తోస్తే సుమారు ఒక సెకనులో వెనక్కి తిరగగలిగితే చాలు.

శత్రువు మీదికి రాగానే గన్ బరువెక్కుతోందా? అది జబ్బు కాదు, ఎయిమ్ అసిస్ట్. మీకు సాయం చేద్దామనే అక్కడ చూపు వేగాన్ని తగ్గిస్తుంది. ఆపకండి.

అలవాటు విషయానికొస్తే, ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాతా అంకెలు మార్చేవాళ్లకు అది ఎప్పటికీ రాదు. ఒక మార్పు చేసి మూడు రోజులు ఉంచండి. రోజూ పదిహేను నిమిషాలు ప్రాక్టీస్‌లో, కుడి స్టిక్‌తో గురిని దగ్గరికి మాత్రమే తెచ్చి, మిగతా కాస్తా ఎడమ స్టిక్‌తో పక్కకు అడుగువేసి సరిచేయండి. కన్సోల్‌లో చేయి తిరిగినవాళ్లు చేసేది ఇదే. ఫోన్‌లో వేలు జరిపినంత దూరమే చూపు తిరుగుతుంది, స్టిక్‌లో వంచి ఉంచినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. మీ చేతికి ఎక్కాల్సింది ఈ తేడానే. బీజీఎంఐలో గైరో (ఫోన్‌ను వంచి గురిపెట్టడం) వాడినవారైతే ఫోర్ట్‌నైట్‌లో కంట్రోలర్ గైరో ఆన్ చేసి చూడండి, పాత చెయ్యి పనికొస్తుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ పీఎస్3 తీసుకుని కిల్‌జోన్ 2 గేమ్ పెట్టాను. ఏం చేసినా గురి బరువుగానే ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ కన్సోల్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. 2009లో గెరిల్లా గేమ్స్ తెచ్చిన ఈ గేమ్ బరువు అప్పట్లోనే పెద్ద చర్చ. సైనికుడి చేతిలో గన్ బరువు తెలియాలన్నది వాళ్ల ఉద్దేశం, దానికి 30 ఫ్రేముల వేగం తోడైంది. 2011లో వచ్చిన కిల్‌జోన్ 3లో గురి తేలికపడింది. మూడు రంగుల పిన్నుల ఏవీ కేబుల్ వాడుతుంటే హెచ్‌డీఎంఐకి మారండి, టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి. మిగిలిన బరువుతో సర్దుకుపోవాలి: గురి శత్రువును చేరకముందే స్టిక్ వదిలేయండి, కవర్ వెనక నుంచి తొంగిచూసి రెండు మూడు తూటాల చొప్పున కాల్చండి. పరుగులో తిరిగి కాల్చాలని చూస్తే ఈ గేమ్ ఒప్పుకోదు.

ప్రశ్న: పీఎస్5 ఆడుతూ టీవీకి బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కలిపితే కాల్చిన కాసేపటికి శబ్దం వస్తోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బ్లూటూత్ ఆలస్యమే. పీఎస్5 నేరుగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లను తీసుకోదు. 3.5 ఎంఎం వైరు ఇయర్‌ఫోన్‌ను కంట్రోలర్ కింద ఉన్న జాక్‌లో పెట్టండి. వైరు లేకుండానే కావాలంటే యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ కొనండి.