పాత బోటు అవుట్‌డ్రైవ్‌కు ఇంట్లోనే రంగు వేసుకోవచ్చా?

కొన్న పాత బోటు అవుట్‌డ్రైవ్‌కు రంగు పెచ్చులుగా ఊడుతోందని, ఇంట్లోనే వేసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా వేసుకోవచ్చు. మైలవరం జలాశయంలో తిరిగిన మా బాబాయి బోటుకు కడపలో మా పెరట్లోనే వేశాను.

అవుట్‌డ్రైవ్ అంటే బోటు వెనక బయటికి ఉండి ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం. అది అల్యూమినియం పోత. ఇనుప గేటుకు వేసినట్టు వేస్తే రంగు నిలవదు. ప్రైమర్ అడిగితే చాలా దుకాణాల్లో రెడ్ ఆక్సైడ్ డబ్బా చేతికిస్తారు. అది ఇనుముకు పనికొచ్చేది, తీసుకోకండి. కార్ల రంగులు అమ్మేచోట ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కాస్త కొరికి పట్టుకునేది) గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ అడగండి.

శ్రమంతా రంగుకు ముందే ఉంటుంది. మొదట సబ్బునీళ్లతో కడిగి, థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడవాలి. జిడ్డు ఉండగానే రుద్దితే అది లోహం గీతల్లోకి దిగిపోతుంది. ఉబ్బిన ప్రతిచోటా గోటితో గీరి చూడండి. మా బోటుకు పైన కనిపించింది చిన్న బుడిపె. పెచ్చు లేపితే కింద తెల్లటి పొడి, అంటే అల్యూమినియం తుప్పు, అరచేతి మేర పాకి ఉంది. ఆ పొడి ఆనవాలు లేకుండా పోయేదాకా 80వ నంబరు ఎమెరీతో, తర్వాత 180తో రుద్దాలి. పాత పొరల్లో క్రోమేట్ అనే విష పదార్థం ఉండవచ్చు కాబట్టి దుమ్ము లేవకుండా తడిపి రుద్దడం మంచిది. ఇనుప తీగల బ్రష్ మాత్రం వద్దు. దాని రేణువులు అల్యూమినియంలో దిగబడి మళ్లీ తినేస్తాయి. రుద్దిన లోహానికి గాలి తగిలితే ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. అందుకే బాగా ఆరగానే, అదే పూట ప్రైమర్ పడాలి.

మన ఎండల్లో మధ్యాహ్నం స్ప్రే గన్‌తో కొడితే రంగు గాల్లోనే ఎండి గరుకుగా పడుతుంది. ముందురోజు సాయంత్రం పెరట్లో నీళ్లు చల్లి దుమ్ము అణచి, పొద్దున్నే పల్చటి పూతలుగా వేశాను. పాలీయురెథేన్ రంగైతే ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి. తగిన రక్షణ పరికరాలు లేకపోతే ఆ రంగు స్ప్రే చేయకండి.

రబ్బరు బెల్లోస్‌కు (మడతల గొట్టానికి), హైడ్రాలిక్ రాడ్లకు, నీరు లోపలికి పోయే రంధ్రాలకు టేపు వేయండి. తుప్పును తన మీదకు తీసుకునే ఆనోడ్ దిమ్మకు చుక్క రంగు కూడా అంటకూడదు. మంచినీటిలో జింక్ దిమ్మ సరిగా పనిచేయదు, మెగ్నీషియందే బిగించండి. పాచి పట్టకుండా వేసే రాగి రంగు అల్యూమినియాన్ని తినేస్తుంది, దాని జోలికి పోవద్దు. బోటును ట్రైలర్ మీదే ఉంచేవారికి పాచి రంగు అవసరమే లేదు.