పెళ్లిరోజుకి బెంగళూరు సంగీత మ్యూజియం: మీకు బోర్ కొట్టదు

మీ ఆవిడ కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు, మీకేమో సినిమా పాటలు తప్ప పట్టవు, సోమవారం పెళ్లిరోజున ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్‌కి వెళ్తే బోర్ కొడుతుందేమోనని కదండీ మీ టెన్షన్? ముందు అసలు చిక్కు చెప్తా: సోమవారం దానికి సెలవు. ఆదివారమే వెళ్లిపోండి.

జేపీ నగర్ 7వ ఫేజ్‌లో ఉంది. 2019లో తెరిచారు. లోపల ఆవిడ వాయిద్యాల దగ్గర ఆగిపోతారు, లాగకండి. మీరు గ్రామఫోన్ రికార్డుల కథ వైపు వెళ్లండి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు కోసం పాడి, చివర్లో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో చెప్పేవారు. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. ఎవరి పాటో అక్కడివాళ్లకి తెలియాలిగా! సినిమా పాటల భాగం కూడా ఉంది, అది మీదే.

బయట సౌండ్ గార్డెన్ మాత్రం చివరికి ఉంచుకోండి. కొడితే మోగేవి, రుద్దితే పలికేవి, అన్నీ మనమే వాయించి చూడొచ్చు. నేను మా ఆవిడ ముందు తాళం తప్పి నవ్వులపాలైంది అక్కడే.

మూడు గంటలైనా పెట్టుకోండి. మధ్యాహ్నం ఎండలో గార్డెన్ వద్దు. వేళలు, టికెట్ ధర వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి బయల్దేరండి.