గ్రేడ్ 3 అంటే మూడో స్టేజి కాదు

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మకు 54 ఏండ్లు, షుగర్ ఉంది, నెలసరి ఆగి చాన రోజులైంది. పోయిన నెల ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం తీసేసిండ్రు. రిపోర్టుల గడ్డ 3 సెంటీమీటర్లు, చంకల తీసిన 14 బిళ్లల్ల రెండిట్ల క్యాన్సర్ ఉంది, గ్రేడ్ 3, ఈఆర్ పీఆర్ పాజిటివ్, హెర్2 2+ అని ఉంది. మా మేనమామ అది చూసి మూడో స్టేజి అంట, ఇగ కీమో పెట్టి అక్కను సతాయించుడెందుకు, పసరు మందు పోపిద్దాం అంటుండు. అమ్మ బతుకుతదా?

జవాబు: బిడ్డా, గ్రేడ్ వేరు, స్టేజి వేరు. గడ్డ ఎంత పెద్దగుంది, చంకల బిళ్లలకు ఎక్కిందా, లివరు, ఎముకలు, ఊపిరితిత్తుల దాకా పోయిందా అని చూసి స్టేజి చెప్తరు. గ్రేడ్ అంటే మైక్రోస్కోప్ కింద ఆ కణాలు ఎంత అడ్డదిడ్డంగ ఉన్నయి, ఎంత జోరుగ పెరుగుతున్నయి అని. నువ్వు రాసినదాన్నిబట్టి, స్కానింగుల వేరేచోట ఏం లేకుంటే అమ్మది రెండో స్టేజే, నయం చేద్దామనే ట్రీట్‌మెంట్ ఇచ్చే స్టేజి. గ్రేడ్ 3 మంచిదని నేననను, గానీ జోరుగ పెరిగే కణాల మీదనే కీమో బాగ పనిచేస్తది, మామ ఏ మాట చూసి కీమో వద్దంటుండో ఆ మాటకే కీమో కావాలె.

నాకు భయమైతున్నది ఆ 2+ గురించి. హెర్2 అంటే క్యాన్సర్ కణాల మీద ఉండి వాటిని పెంచే ఒక ప్రొటీన్. హెర్2 0, 1+ అయితే నెగెటివ్, 3+ అయితే పాజిటివ్, 2+ అంటే ఇంకా తేలలేదని, ఆ కణాలల్ల హెర్2 జీన్ ఎక్కువుందా అని చూసే ఫిష్ టెస్ట్ చేస్తేనే తెలుస్తది. చాన ఇండ్లల్ల ఖర్చని ఇది ఇడిసిపెడ్తరు, అట్ల చెయ్యకుండ్రి. మళ్ల సూది గుచ్చుడు లేదు, ఆపరేషన్‌ల తీసిన ముక్కను మైనం బిళ్లల పెట్టి దాస్తరు, దాన్ని బ్లాక్ అంటరు, దాని నంబర్ రిపోర్టు మీదనే ఉంటది, ఆ బ్లాక్ అడిగి తీసుకొని టెస్ట్ చేసే ల్యాబుకు పంపిస్తే సాలు. పాజిటివ్ వస్తే ట్రాస్టుజుమాబ్ ఇంజక్షన్ ఉంటది, గుండెకు ఎకో తీసి మొదలుపెడ్తరు, మామూలుగ ఏడాది ఇస్తరు. 1998ల అమెరికాల ఈ మందుకు పర్మిషన్ రాకముందు హెర్2 పాజిటివ్ అంటే డాక్టర్లే దిగులు పడేటోళ్లు, ఇప్పుడు అట్ల లేదు. 2014 నుంచి మన దేశంల తయారైన రకాలు గూడ దొరుకుతున్నయి. ఆరోగ్యశ్రీల ఏమేం వస్తయో దవాఖానల ఆరోగ్యమిత్రను అడుగు, లేకుంటే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పోయి కనుక్కో.

పసరు మందుకు రెండు నెలలు పోతే ఆ రెండు నెలలు మళ్ల రావు, ఆపరేషన్ అయినంక మూడు నెలలు దాటినా కీమో మొదలుపెట్టనోళ్లకు ఫలితం తగ్గుతుందని తేలింది. షుగర్ ఉంటే కీమో వద్దనరు, గానీ దాంతోటి ఇచ్చే స్టెరాయిడ్‌కు షుగర్ పెరుగుతది, ముందే డాక్టర్‌కు చెప్పు.

ఈఆర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌తోటి పెరిగే రకం కాబట్టి కీమో అయినంక ఆ హార్మోన్‌ను తగ్గించేటందుకు రోజుకో లెట్రోజోల్ లాంటి గోలీ కనీసం 5 ఏండ్లు ఉంటది. కీళ్లనొప్పులొస్తయి, నాకు నయమైందిగ అని ఏడాదికే ఆపేస్తరు, ఈ రకం క్యాన్సర్ ఐదేండ్ల తర్వాత గూడ తిరిగొస్తది బిడ్డా, నొప్పులుంటే గోలీ మార్పించుకోవాలె గానీ ఆపొద్దు.

కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే, పారాసిటమాల్ ఏసి తెల్లారేదాకా చూడొద్దు, ఎంటనే దవాఖానకు తోలుకపో.