సత్తు గిన్నెలో పులుసు, అత్తగారి మతిమరుపు

ఇరవై ఏళ్లుగా సత్తు (అల్యూమినియం) గిన్నెలోనే పులుసు కాచానని, అత్తగారి మతిమరుపుకు అదే కారణమేమోనని మీరు కుమిలిపోతున్నారు. అమ్మా, ముందు ఆ నింద మీ మీద నుంచి దించేసుకోండి.

ఈ భయానికి మూలం 1965 నాటి ప్రయోగం. కుందేళ్ల మెదడులోకి అల్యూమినియం లవణాలు ఎక్కిస్తే నాడీకణాల్లో పోగుల చిక్కుముడులు కనిపించాయి. అవి అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్న రోగుల్లో కనిపించే చిక్కుముడుల వంటివి కావని తరువాత తేలింది. 1970లలో డయాలసిస్ రోగుల మెదడు అల్యూమినియం వల్ల దెబ్బతిన్న మాట నిజమే. అయితే అక్కడ అది డయాలసిస్ నీటి నుంచి నేరుగా రక్తంలో కలిసింది, పైగా వారి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేకపోయాయి. తిండితో లోపలికి వెళ్లినదానిలో ఒక శాతం కూడా పేగులు పీల్చుకోవు.

అందుకే గిన్నె కంటే ముందు అడగవలసింది: అత్తగారికి మూత్రపిండాల జబ్బు ఉందా? గ్యాస్ మందులు రోజూ తాగుతారా? వాటిలో కొన్నింటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. ఒక్క మోతాదులోనే వంటపాత్ర నుంచి వచ్చేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. సీసా మీద చదివి డాక్టరుకు చెప్పండి.

పులుపు, ఉప్పు లోహాన్ని కరిగిస్తాయి కాబట్టి చింతపండు పులుసు, టమాటా పప్పు స్టీలు గిన్నెకు మార్చండి. రాత్రంతా సత్తులో నిల్వ ఉంచకండి. పాలు కాచుకోవడానికి ఆ గిన్నె ఫర్వాలేదు.

ఈ వారంలోనే ఆవిడను నరాల వైద్యుడికి చూపించి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ లోపాల వల్ల వచ్చిన మతిమరుపు మందులతో తగ్గవచ్చు.