టెక్ సందేహాలు: క్రాంక్ బ్యాలెన్స్‌కు మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని?

ప్రశ్న: సార్, మాది పరకాల. పాత సైకిల్‌కు 80 సీసీ టూ స్ట్రోక్ కిట్ ఇంజన్ బిగించిన. స్పీడు 30 దాటితే హ్యాండిల్ ఒకటే వణుకుడు, చేతులు తిమ్మిరెక్కుతున్నయ్. ఇంజన్ల పిస్టన్ తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దాని బరువు బ్యాలెన్స్ చేయాలన్నరు. ఫోన్‌ను హ్యాండిల్‌కు కట్టి వైబ్రేషన్ యాప్‌తో చూసుకుంట చేయొచ్చని వీడియోల చెప్పిన్రు. ఆ లింకుల దొరికిన యాప్ ఎస్ఎంఎస్, కాంటాక్ట్స్ పర్మిషన్ అడుగుతున్నది. ఇయ్యాల్నా?

జవాబు: ఇవ్వొద్దు. ఇలాంటి ఉత్తరాలు పదే పదే వస్తున్నాయి. ఒకరిది టార్చ్ యాప్, ఇంకొకరిది పత్తి రేట్ల యాప్, మీది వైబ్రేషన్ యాప్. ఫోన్‌లో కదలికను పట్టే సెన్సర్‌ను చదవడానికి యాప్ మిమ్మల్ని ఏ పర్మిషనూ అడగనక్కర్లేదు. ఎస్ఎంఎస్ అడిగిందంటే దాని కన్ను ఓటీపీల మీద ఉన్నట్టే. లింకులో వచ్చిన ఏపీకే ఫైల్ యాక్సెసిబిలిటీ కూడా అడిగితే మరీ ప్రమాదం. స్క్రీన్ మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు బటన్లు కూడా నొక్కుతుంది.

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ముందు ఫ్లైట్ మోడ్ పెట్టి యాప్ తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పని చేయకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ చూడండి, అది అక్కడ టిక్ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. టిక్ తీశాక పోతుంది. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పోనీ, యాప్ మంచిదే అనుకుందాం. అయినా మీ పని కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి మామూలు యాప్‌లకు ఈ సెన్సర్ సెకనుకు 200 రీడింగులకు మించి ఇవ్వదు. ఒక్కో తిరుగుడుకు కనీసం రెండు రీడింగులు కావాలి, ఆ లెక్కన 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరుగుళ్లు) దాకానే నమ్మకం. ఇంజన్ 6,600 తిరిగితే యాప్ 5,400 అని చూపిస్తుంది. మీరు రేస్ పెంచుతుంటే గీత వెనక్కి నడుస్తుంది! పైగా అది కొలిచేది హ్యాండిల్ వణుకును, హోల్డర్ రబ్బరు వణుకును. క్రాంక్‌లో ఏ వైపు బరువు ఎక్కువుందో దానికి తెలియదు.

అసలు రోగం కిట్ డిజైన్‌లోనే ఉంది. డబ్బా మీద 80 అని ఉన్నా, 47 మి.మీ. బోర్ (సిలిండర్ వెడల్పు), 38 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ నడిచే దూరం) లెక్కేస్తే 66 సీసీ. చాలా కిట్లలో 40 మి.మీ. పిస్టన్ ఉండే 48 సీసీ ఇంజన్ క్రాంక్‌నే దీనికీ పెట్టి అమ్ముతారు. పిస్టన్ బరువు పెరిగింది, దానికి ఎదురు తూగాల్సిన బరువు పెరగలేదు. 10 గ్రాముల తేడా ఉంటే 6,000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 7.6 కిలోల బలంతో గుంజుతుంది. 3,000 దగ్గర రెండు కిలోలు కూడా ఉండదు. నెమ్మదిగా పోతే బాగుండి, రేస్ ఇస్తే చేతులు తిమ్మిరెక్కేది అందుకే. అన్నట్టు, 25 సీసీ దాటిన ఇంజన్ బిగిస్తే చట్టం ప్రకారం అది మోటారు వాహనమే. సైకిలే కదా అంటే చెల్లదు.

ఇంజన్ విప్పే ముందు మౌంట్ బోల్టులు, వెనక స్ప్రాకెట్ వంకర చూసుకోండి. అవి బాగుంటేనే క్రాంక్ జోలికి వెళ్లండి. పత్తి చేన్లకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ల క్రాంకులు చేసే లేత్ షాపుకు తీసుకెళ్తే వాళ్లకు పని అర్థమవుతుంది. మొదట వి-బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి తిప్పుతూ, సన్నటి ఊగుడును ముల్లుతో చూపే డయల్ గేజ్‌తో చూడాలి. ఊగుడు 0.05 మి.మీ. దాటితే ముందు అది సరిచేయాలి. వంకర క్రాంక్‌ను బ్యాలెన్స్ చేయడం దండగ.

తర్వాత 0.1 గ్రాము చూపే డిజిటల్ కాంటా కావాలి. పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్, లాకులు, చిన్న బేరింగ్ కలిపి తూచండి. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్‌ను అడ్డంగా పట్టి, పిస్టన్ వైపుండే చిన్న చివర మాత్రం కాంటా మీద ఆనించి దాని బరువు రాసుకోండి. ఉదాహరణకు మొదటిది 110 గ్రాములు, రెండోది 30 అనుకోండి. మొత్తం 140, అందులో సగం 70. చిన్న చివర 30 ఎలాగూ ఉంది కాబట్టి దానికి 40 గ్రాములు వేలాడదీయాలి. సగమే ఎందుకంటే, ఒక్క సిలిండర్ ఇంజన్‌లో పైకీ కిందికీ ఉన్న వణుకును పూర్తిగా చంపితే అది ముందుకూ వెనక్కూ మొదలవుతుంది. కొందరు 60 శాతం దాకా పోతారు.

మాగ్నెటో, బేరింగులు తీసేసి, లెవెల్ చూసి బిగించిన రెండు నున్నటి ఇనుప పట్టీల మీద క్రాంక్‌ను దొర్లనివ్వండి. ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి. రాడ్ తగిలి ఉండే క్రాంక్ పిన్ వైపు కిందికి దిగితే అక్కడ బరువు ఎక్కువున్నట్టు, అటే డ్రిల్ వేయాలి. పిన్ పైకి వస్తే ఎదుటి వైపు వేయాలి. 8 మి.మీ. బిట్‌తో 10 మి.మీ. లోతు తీస్తే సుమారు 4 గ్రాముల ఇనుము పోతుంది. పిన్ బిగుసుకున్న రంధ్రానికి దగ్గరగా మాత్రం పోవద్దు, పట్టు వదులై పిన్ తిరిగిపోతుంది. పిన్‌కు అటూ ఇటూ 45 డిగ్రీల దూరంలో వేస్తే ప్రభావం పదిలో ఏడు వంతులే, ఆ మేరకు లెక్క వేసుకోండి. క్రాంక్‌కు రెండు పక్కలా ఉన్న చక్రాల్లో సమానంగా తీయాలి, లేకపోతే క్రాంక్ పక్కలకు ఊగుతుంది. ఒకేసారి లెక్క మొత్తం తీసేయకండి. ముప్పావు తీసి మళ్లీ దొర్లించి చూడండి.

చాలామంది మరిచేది ఇంకోటి ఉంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలిని సిలిండర్‌లోకి తోసే పంపు క్రాంక్ గదే. రంధ్రాలు ఖాళీగా వదిలేస్తే గది పెద్దదై లాగుడు తగ్గుతుంది. అల్యూమినియం ముక్కలు బిగువుగా దిగగొట్టి, అంచున పంచ్‌తో కొట్టి లాక్ చేయండి. ఎమ్‌సీల్ లాంటి ముద్దలు పెట్టొద్దు, ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతాయి. ముక్కలు దిగాక ఇంకోసారి పట్టీల మీద చూడాలి, అల్యూమినియానికీ బరువుంటుంది మరి.

ఫోన్‌ను హ్యాండిల్‌కు కట్టే సంగతి: ఇంజన్ వణుకుకు కెమెరా ఫోకస్ యంత్రం దెబ్బతింటుందని ఒక పెద్ద ఫోన్ కంపెనీ 2021లోనే హెచ్చరించింది. మోపెడ్ లాంటి చిన్న బండ్లకు కూడా వణుకు తగ్గించే హోల్డర్ వాడమంది. మీ సైకిల్ ఇప్పుడున్న స్థితిలో ఫోన్ జేబులోనే ఉంచండి.