ప్రొఫెసర్లందరూ బాగుందంటున్నారు, ఒక్కరూ కొనడం లేదు: విశ్వవిద్యాలయాలకు పరిశోధన సాఫ్ట్‌వేర్ అమ్మడం ఎలా?

ప్రశ్న: ఇంటర్వ్యూలను, క్షేత్ర పరిశీలన నోట్సును విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఒకటి ముగ్గురం కలిసి తయారుచేశాం. నాలుగు విశ్వవిద్యాలయాల్లో చూపించాం. సామాజిక శాస్త్రాల ఆచార్యులు చాలా మెచ్చుకున్నారు. ఎనిమిది నెలలు దాటింది, ఒక్క ఆర్డరూ రాలేదు. లోపం ఎక్కడ?

సమాధానం: లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందని నాకు అనిపించడం లేదు. తొమ్మిదేళ్లు నేను ఇదే పని చేశాను. గణాంక విశ్లేషణకు ఒకటి, మీలాంటిదే మరొకటి, రెండు సాఫ్ట్‌వేర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, కొంతకాలం ఒడిశాలోనూ అమ్మాను. మొదటి ఏడాదిన్నర మీలాగే మెప్పులు మూటగట్టుకుని ఇంటికొచ్చాను. ఆచార్యులు "తప్పకుండా తీసుకుందామండీ" అనగానే ఆర్డర్ వచ్చినట్టే లెక్కవేసుకునేవాణ్ణి. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయనకు నిజంగానే నచ్చింది. కాకపోతే డబ్బు ఆయన చేతిలో లేదు.

వాడేది పరిశోధక విద్యార్థి. అడిగేది ఆచార్యుడు. సంతకం పెట్టేది రిజిస్ట్రార్. డబ్బు విడుదల చేసేది ఆర్థికాధికారి. రెండు మూడేళ్ల తర్వాత వచ్చి "ఇది ఎందుకు కొన్నారు, ఈ ధరకే ఎందుకు కొన్నారు" అని అడిగేది ఆడిట్ వారు. ఈ చివరివారిని మీరు ఎన్నడూ చూడరు, కానీ పై ముగ్గురూ ఫైలు మీద కలం పెట్టేటప్పుడు తలుచుకునేది వారినే. మీరు ఇంతవరకు మాట్లాడింది ఆచార్యుడితో మాత్రమే.

కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయంలో కొనుగోళ్ల విభాగం సూపరింటెండెంట్ గారు ఒక మధ్యాహ్నం నాకు ఈ పాఠం చెప్పారు. ఫైలు కదలడం లేదేమని అడగడానికి వెళ్లాను. ఆవిడ విసుక్కోకుండా బీరువాలోంచి తీసి, తాడు విప్పి నా ముందే తెరిచారు. ఆచార్యుడి ఇండెంట్‌లో, అంటే కొనమని కోరే పత్రంలో, ఉన్నది ఒకే వాక్యం: పరిశోధన నాణ్యత పెంపొందించుటకు ఈ సాఫ్ట్‌వేర్ అవసరము. దాని వెనక మెరిసే కాగితం మీద అచ్చువేయించిన నా కరపత్రం, నవ్వుతున్న విద్యార్థుల బొమ్మతో సహా. "ఎంతమంది వాడతారో ఎక్కడా లేదు. ఇలాంటిది ఇంకెవరైనా అమ్ముతారా అన్నది లేదు. ఇప్పుడున్నదానితో పని ఎందుకు జరగడం లేదో లేదు. నోట్ షీటులో నేను ఏమని రాయాలి బాబూ?" అన్నారు. కరపత్రం వెల నలభై రూపాయలు పడింది నాకు. ఆవిడకు కావలసింది ఒక తెల్లకాగితం.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఒక పేజీ రాశాను. ఆ విభాగంలో పీహెచ్‌డీ విద్యార్థులు ఎంతమంది, వారిలో ఇంటర్వ్యూల ఆధారంగా పని చేస్తున్నవారు ఎంతమంది, ఇప్పుడు ఆ పని చేతితో చేస్తే ఎన్ని రోజులు పడుతోంది, మార్కెట్లో ఉన్న ఇతర సాఫ్ట్‌వేర్లు ఏవి, వాటికీ మాకూ తేడా ఏమిటి, మూడేళ్లకు మొత్తం ఖర్చు పన్నుతో సహా ఎంత. విశేషణం ఒక్కటీ లేదు. మర్నాడు ఆచార్యుడు దానిని తన మాటల్లోకి మార్చుకుని కొత్త ఇండెంట్ పెట్టారు. ఏడు వారాల్లో ఆర్డర్ వచ్చింది. అప్పటినుంచి నేను కరపత్రాలు అచ్చువేయించడం మానేశాను.

ఇక నిబంధనలు. కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీల వంటివి 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలను పాటిస్తాయి. వాటిలో మీకు మూడు నియమాలు బాగా తెలియాలి. 149వ నియమం ప్రకారం ప్రభుత్వ సంస్థలు కొనుగోళ్లు జరిపే జెమ్ పోర్టల్‌లో దొరికేది అక్కడే కొనాలి. అందుకే ముందు మీరు అందులో నమోదు కావాలి. 155వ నియమం చిన్న కొనుగోళ్లకు ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీని అనుమతిస్తుంది. 2017లో దాని పరిమితి 25 వేల నుంచి రెండున్నర లక్షల రూపాయలు, తర్వాత పెంచారు. మీ ధర నిర్ణయించే ముందు ఇప్పటి పరిమితిని ఆ సంస్థ ఆర్థిక విభాగంలోనే అడగండి, ఎందుకంటే దానికి పదివేలు పైన ఉన్నా మీరు టెండర్ గోతిలో పడతారు. 166వ నియమం మీలాంటి ఒక్కరే తయారుచేసే వస్తువుకు సంబంధించినది. ఇది మరెవరి దగ్గరా దొరకదు, దీనికి బదులు మరొకటి పనికిరాదు అని కొనేవారే ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వమని ఒత్తిడి చేయకండి. ఆ సంతకం చేసినవారే రేపు ఆడిట్‌కు జవాబు చెప్పుకోవాలి. సంతకం చేయడానికి తగిన సాంకేతిక కారణాలు మీరు సమకూర్చాలి, అంతే. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర నియమాలు, సొంత పద్ధతులు ఉంటాయి, ఒక్కోచోట ఒక్కో తీరు. మీది చిన్న సంస్థ కాబట్టి, అలాంటివాటి కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ నమోదు చేయించుకోండి. టెండర్లలో ధరావత్తు (టెండరుతో పాటు కట్టే హామీ డబ్బు) మినహాయింపు దొరుకుతుంది.

మొదటి ఆర్డర్ మాత్రం విశ్వవిద్యాలయపు కొనుగోళ్ల విభాగం ద్వారా రాబట్టాలని చూడకండి. సామాజిక శాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్ఎస్ఆర్ లాంటి సంస్థల నుంచి పరిశోధన ప్రాజెక్టు ఉన్న ఆచార్యుణ్ణి వెతకండి. ప్రాజెక్టు బడ్జెట్‌లో ఇలాంటి ఖర్చుకు పద్దు ఉంటే మొత్తం చిన్నది, దారి దగ్గర. ఆ ఆర్డర్ నకలు మరో విశ్వవిద్యాలయంలో మీ ధరకు సాక్ష్యంగా నిలుస్తుంది.

ఈ రంగంలో గిరాకీని అన్నిటికంటే ఎక్కువగా పుట్టించేది ప్రకటన కాదు, నిబంధన. గ్రంథచౌర్యాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ సంగతే చూడండి. 2018లో యూజీసీ నియమాలు వచ్చి, సిద్ధాంత గ్రంథంలో పోలిక 10 శాతం దాటితే చర్య అని చెప్పాక, ఆ సాఫ్ట్‌వేర్ గురించి లైబ్రేరియన్‌కు ఎవరూ నచ్చజెప్పవలసిన పని లేకపోయింది. మరుసటి ఏడాదే, 2019లో, గాంధీనగర్‌లోని యూజీసీ గ్రంథాలయ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధ్‌శుద్ధి పథకం కింద అలాంటి సాఫ్ట్‌వేర్‌ను విశ్వవిద్యాలయాలకు తానే అందించడం మొదలుపెట్టింది. విడివిడిగా అమ్ముకునేవారికి మార్కెట్ ఒక్కసారిగా చిక్కిపోయింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 6,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఒకే దేశం ఒకే చందా పథకం పత్రికల విషయంలో అదే దారి. అది పరిశోధన పత్రికలకు మాత్రమే, సాఫ్ట్‌వేర్‌కు కాదు. అయినా "అన్నీ కేంద్రమే ఇస్తోంది కదండీ" అనే మాట మీకు ఎదురవుతుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

"ఉచితంగా గణాంకాలకు ఆర్ ఉంది, రిఫరెన్సులకు జొటేరో ఉంది, మీకెందుకు డబ్బివ్వాలి" అనేవారు కూడా ఉంటారు, ఎక్కువగా యువ అధ్యాపకులు. వాదించకండి. నేను ఒకసారి వాదించి పరువు పోగొట్టుకున్నాను. అవి మంచి సాధనాలే అని ఒప్పుకుని, మీ సాఫ్ట్‌వేర్‌లోని ఫలితాలు వాటిలోకి ఎలా ఎగుమతి అవుతాయో చూపించండి. చందా ఆగినా తమ డేటా తమ దగ్గరే ఉంటుందన్న నమ్మకం దొరికితే సగం అభ్యంతరం తగ్గుతుంది.

ప్రదర్శనకు మీ సొంత నమూనా డేటా వద్దు. నాకు ఇది అవమానంతో అర్థమైంది. ఇంగ్లీషు ఇంటర్వ్యూలతో గంటసేపు అందంగా చూపించాక, వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి చేనేత మహిళలతో తాను చేసిన ఇంటర్వ్యూల ఫైలు ఇచ్చింది. తెరిస్తే తెలుగు లేదు, అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు. యూనికోడ్ రాకముందటి ఫాంటులో డీటీపీ సెంటరువారు టైపు చేసిచ్చారు. మా సాఫ్ట్‌వేర్‌కు అందులో 'మగ్గం' అనే మాట కనిపించనే లేదు. గది అంతా నవ్వింది, ఆ అమ్మాయి తప్ప. రెండు నెలలు కష్టపడి ఆ పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే చిన్న సాధనం జోడించాం. మా వస్తువులో దానికంటే గొప్ప సౌకర్యాలు పది ఉన్నాయి, కానీ తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల విభాగాలలో మమ్మల్ని నిలబెట్టింది అదే. మీ సాఫ్ట్‌వేర్ తెలుగు, ఉర్దూ పాఠాన్ని ఎలా చదువుతుందో ఈ వారమే పరీక్షించండి.

సమయం సంగతి కూడా చూసుకోవాలి. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. మిగిలిన డబ్బు మురిగిపోతుందన్న తొందర ఫిబ్రవరిలో మొదలవుతుంది, కానీ అప్పుడు వెళ్లి పరిచయం చేసుకుంటే ఆలస్యమైనట్టే. సెప్టెంబరు, అక్టోబరుల్లో శిక్షణ తరగతి పెట్టండి, డిసెంబరులోపు ఇండెంట్ పడేలా చూడండి. డబ్బు ముందుగా ఇవ్వరు, సరఫరా అయ్యాకే ఇస్తారు. అదీ నెలలు పట్టవచ్చు, కాబట్టి మార్చి ఆర్డర్ చూసి ఏప్రిల్ జీతాలకు హామీ ఇవ్వకండి.

మరొకటి చూడండి. మీ కొటేషన్ కింద చెల్లుబాటు 30 రోజులు అని ఉందా? 180 చేయండి. నా కొటేషన్ ఒకటి అయిదు బల్లలు దాటి రిజిస్ట్రార్ గారి ముందుకు చేరేసరికి గడువు ముగిసి పదకొండు రోజులైంది. ఆయన దాని మీద ఎర్ర సిరాతో "తాజా కొటేషన్ తెప్పించండి" అని రాసి మళ్లీ మొదటి బల్లకు పంపారు.