ఓడ ఎక్కే ముందు ఆ ‘గ్యాస్ మంట’ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 53 సంవత్సరాలు. విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖకు మేనేజరుగా పనిచేస్తున్నాను. 9 ఏళ్లుగా షుగరు, 4 ఏళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్ మాత్రలు వాడుతున్నాను. మొన్న సంక్రాంతికి కాలేజీ నాటి మిత్రులం నలుగురం కుటుంబాలతో సహా రాజమండ్రిలో ఒకరి ఇంట్లో కలుసుకున్నాం. మూడు రోజులూ అరిసెలు, బొబ్బట్లు, గారెలు, నాటుకోడి పులుసు, సాయంత్రాలు కొద్దిగా మందు, అర్ధరాత్రి దాకా కబుర్లు. ఆ కబుర్లలో సగం ఆఫీసు టార్గెట్ల గురించి, మిగతా సగం ఫిబ్రవరి రెండో వారంలో మేమంతా కలిసి వెళ్లబోయే క్రూజ్ గురించి. సింగపూర్‌లో ఓడ ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని, ఐదో రోజుకు మళ్లీ సింగపూర్ చేరతాం. నాకు బస్సు ప్రయాణంలోనే వాంతులవుతాయి. లోగడ క్రూజ్‌కు వెళ్లొచ్చిన మిత్రుడు, రాత్రి ఒకటి వేసుకుంటే ఓడ ఊగుతున్నట్టే తెలియదంటూ ఆల్ప్రాజోలామ్ మాత్రల స్ట్రిప్ ఇచ్చాడు. భోజనం చేసి గోదావరి గట్టు మీద నడిచినప్పుడు నాకు ఛాతీ మధ్యలో మంటగా, పట్టేసినట్టుగా అనిపించింది. రెండు నిమిషాలు నిలబడితే తగ్గింది. ఆఫీసు మెట్లు ఎక్కినప్పుడు కూడా మూడు వారాలుగా ఇలాగే ఉంటోంది. ఇది గ్యాసేనని మరో మిత్రుడు తన దగ్గరున్న పాంటోప్రజోల్ ఇస్తే కొంత నయమనిపించింది. మార్చి నెలాఖరు దాకా బ్యాంకులో ఊపిరి సలపదు కాబట్టి ఏప్రిల్‌లో అన్ని పరీక్షలూ చేయించుకుందామనుకుంటున్నాను. ఓడలో వాంతులు రాకుండా ఏ మాత్ర మంచిది? మూడు పూటలా బఫే భోజనాలు కదా, షుగరు పెరగకుండా ఏం చేయాలి?
పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను గానీ, మీరు ప్రశ్నగా అడగకుండా ఉత్తరం మధ్యలో చెప్పి వదిలేసిన మాటల దగ్గరే నేను ఆగిపోయాను. 53 ఏళ్ల వయసుండి, 9 ఏళ్లుగా షుగరు, దానికి తోడు బీపీ ఉన్న మనిషికి నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీ మధ్యలో పట్టేసినట్టుగా వచ్చి, నిలబడగానే తగ్గిపోతుంటే, అది గుండెకు సంబంధించినది కాదని పరీక్షల్లో తేలేంత వరకు గుండెదేనన్న అనుమానంతోనే మేము నడుచుకుంటాం. ఉత్తరం చదివి రోగనిర్ధారణ చేయడం ఎవరికీ సాధ్యం కాదు, నేనూ చేయడం లేదు. మీది నిజంగా అసిడిటీయే కావచ్చు కూడా. అయితే ఆ మాట మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడు చెప్పాలి తప్ప గోదావరి గట్టు మీద మీ పక్కన నడిచిన మిత్రుడు చెప్పకూడదు.

కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల వచ్చే మంట సాధారణంగా పడుకున్నప్పుడు, ముందుకు వంగినప్పుడు ఎక్కువవుతుంది, పుల్లటి తేన్పులు తోడవుతాయి. మీ మంట అలా లేదు. అది మీ అడుగుల లెక్క ప్రకారం వస్తోంది, అడుగు ఆగితే పోతోంది. భోజనం తర్వాత జీర్ణాశయానికి రక్తం ఎక్కువ కావాలి కాబట్టి గుండె పని పెరుగుతుంది. అదే సమయంలో నడిస్తే కాళ్ల కండరాలకు కూడా రక్తం అందించాలి. గుండెకు రక్తాన్నిచ్చే ధమనులు సన్నబడి ఉంటే, మామూలు వేళల్లో నెట్టుకొచ్చిన గుండె ఈ రెండు బరువులూ ఒకేసారి పడినప్పుడు మొరాయిస్తుంది. దీన్నే యాంజైనా అంటాం. పైగా చాలా ఏళ్లుగా షుగరున్నవారిలో నరాలు మొద్దుబారి, గుండెకు కష్టం వచ్చినా నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు. వారికది ఆయాసంగానో, మంటగానో, ఊరకనే నీరసంగానో కనిపిస్తుంది. అందుచేత ‘నొప్పి కాదు, మంటే కదా’ అన్నది మీ విషయంలో ఊరట కలిగించే మాట కాదు.

మరి పాంటోప్రజోల్ వేసుకుంటే నయమైంది కదా అని మీరు అడగవచ్చు. గ్యాస్ మాత్రతో తగ్గింది కాబట్టి గుండె జబ్బు కాదని తేల్చేయడానికి వీల్లేదు. యాంజైనా రావడం, పోవడం దాని సహజ లక్షణం. అది తగ్గే సమయానికి నోట్లో ఏ మాత్ర ఉంటే ఆ మాత్రకు పేరొస్తుంది. కొందరికి అసిడిటీ, గుండె జబ్బు రెండూ కలిసే ఉంటాయి, మాత్ర మొదటిదాన్ని తగ్గించి రెండోదాన్ని కప్పిపెడుతుంది. పండుగ వెళ్లిన వారంలో మా ఓపీకి వచ్చేవారిలో సగం మంది చేతిలో ఏదో ఒక గ్యాస్ మాత్ర స్ట్రిప్ ఉంటుందంటే అతిశయోక్తి కాదు. కొన్నేళ్ల క్రితం ఒక ఉపాధ్యాయుడు పెద్ద పండుగ తర్వాత నెల రోజుల పాటు మందుల షాపులో అడిగి మాత్రలు, సిరప్‌లు కొనుక్కుని వాడి, ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలతో మా ఎమర్జెన్సీకి వచ్చారు. ఆయన బతికారు. కానీ గుండె కండరంలో కొంత భాగం శాశ్వతంగా దెబ్బతిని, ఇప్పుడు ఒక అంతస్తు ఎక్కడానికి మధ్యలో ఆగుతారు. నెల ముందు వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేదేమో అని ఆయన ప్రతిసారీ అంటారు, నేను మౌనంగా ఉంటాను.

మీరు చేయవలసింది ఇది. రేపే ఒక ఫిజీషియన్‌నో, కార్డియాలజిస్టునో కలవండి, ఎల్లుండికి పెట్టుకోవద్దు. మూడు వారాల కిందట కొత్తగా మొదలైన లక్షణం కాబట్టి తొందరపెడుతున్నాను. ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్న యాంజైనా కంటే కొత్తగా వచ్చినదాన్ని, తక్కువ శ్రమకే వస్తున్నదాన్ని మేము ఎక్కువ అనుమానంతో చూస్తాం. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు చేస్తారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ధమనుల్లో అడ్డంకి లేదని అర్థం కాదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోకండి. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ పరీక్షా, సీటీ యాంజియోగ్రామా, నేరుగా యాంజియోగ్రామా అన్నది మిమ్మల్ని చూసిన వైద్యుడే నిర్ణయించాలి. ప్యాకేజీ తక్కువ ధరకు ఉందని మీ అంతట మీరే డయాగ్నస్టిక్ సెంటరుకు వెళ్లి ట్రెడ్‌మిల్ ఎక్కవద్దు. గుండె నిలకడగా లేని మనిషికి ఆ పరీక్షే ప్రమాదం కావచ్చు. అదే కారణంతో, పండుగకు తిన్నదంతా కరిగించాలని తెల్లవారుజామున చలిలో వేగంగా నడవడం, జిమ్‌లో చేరడం వంటివి కూడా ఫలితాలు వచ్చేదాకా ఆపండి.

ఏప్రిల్ మాట ఎత్తారు కాబట్టి కాస్త కోపంగానే చెప్పాలి. ఫిబ్రవరిలో ఐదు రోజులు ఓడలో తిరగడానికి సెలవు దొరికిన మేనేజరు గారికి జనవరిలో ఒక పూట ఆస్పత్రికి రావడానికి సెలవు దొరకలేదంటే నేను నమ్మను. కనుమ నాడు కాకైనా కదలదని మన పెద్దలు అనేవారు. మీరు కనుమ దాటి కదలండి, పరవాలేదు, కానీ ముందు ఆస్పత్రి వైపు కదలండి. మార్చి నెలాఖరు లెక్కలు మీరు లేకపోయినా ఎవరో ఒకరు ముగిస్తారు.

ఈలోగా మంట విశ్రాంతిలో ఉండగా వచ్చినా, పది నిమిషాలు దాటి తగ్గకపోయినా, ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు, ఆయాసం, వాంతి తోడైనా వెంటనే 108కు ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ బయలుదేరవద్దు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం లేదా కడుపులో పుండ్ల చరిత్ర ఉన్నవారు మినహా, అటువంటి వేళ 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమని సాధారణంగా సూచిస్తాం. మీకు అది సరిపడుతుందో లేదో రేపటి వైద్యుడినే అడిగి తెలుసుకోండి. వాట్సాప్‌లో తిరిగే ‘గుండెపోటు కిట్’ చూసి నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వెడల్పు చేసే మాత్ర) పెట్టుకోవడం మాత్రం వద్దు. బీపీ అమాంతంగా పడిపోవచ్చు, సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి మాత్రలు వాడినవారికైతే ప్రాణాంతకం కూడా కావచ్చు.

క్రూజ్ సంగతికి వస్తే, ఓడలో వైద్య కేంద్రం ఉంటుంది, డాక్టరు, నర్సు ఉంటారు, ఈసీజీ, ఆగిన గుండెకు కరెంటు షాకిచ్చే డీఫిబ్రిలేటరు, కొన్ని రక్తపరీక్షలు, అత్యవసర మందులు ఉంటాయి. యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్‌ల్యాబ్ ఉండదు. గుండెపోటు వస్తే ఓడ తర్వాతి రేవు చేరేదాకానో, హెలికాప్టర్ వచ్చేదాకానో ఎదురుచూడాలి, ఆ గంటల్లోనే గుండె కండరం చచ్చిపోతుంది. విజయవాడలో అంబులెన్సులో చేరుకోగల చికిత్స సముద్రం మధ్యలో అందదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగరు, బీపీ, ఈ కొత్త లక్షణం దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బును దాచారని క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంటుంది. అత్యవసర వైద్య తరలింపు ఖర్చు పాలసీలో ఉందో లేదో కూడా చూసుకోండి. నేను మీ ప్రయాణం రద్దు చేసుకోమనడం లేదు. పరీక్షల్లో ఏమీ లేదని తేలినా, ఉన్నదానికి చికిత్స జరిగి వైద్యుడు అనుమతించినా నిశ్చింతగా వెళ్లండి.

‘కొద్దిగా మందు’ అని రాశారు. ఆ ‘కొద్దిగా’ను కొలిచే పాత్ర మా దగ్గర లేదు. సెలవుల్లో వరసగా తాగినవారికి గుండె లయ తప్పడాన్ని 1978లోనే వైద్యులు గుర్తించి దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు. ఓడలో బార్లు దండిగా ఉంటాయి, అంతవరకే చెబుతాను.

ఇక మీరు అడిగిన వాంతుల మాత్ర. ఆల్ప్రాజోలామ్ దానికి మందే కాదు. ఆందోళనకు వైద్యుడు రాసిస్తే తక్కువ రోజులు వాడవలసిన, అలవాటుగా మారే మాత్ర అది. మన దేశంలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందుల్లో ఉంది. మద్యంతో కలిస్తే మత్తు పెరిగి శ్వాస మందగిస్తుంది, రాత్రి లేచినప్పుడు ఊగే ఓడలో పడిపోయే ప్రమాదమూ ఉంది. అన్నింటికీ మించి, ఇటువంటి నియంత్రిత మందులను సింగపూర్‌లోకి తీసుకెళ్లాలంటే అక్కడి హెల్త్ సైన్సెస్ అథారిటీ అనుమతి ముందుగానే పొందాలి. మీ మిత్రుడి స్ట్రిప్ మీ బ్యాగులో దొరికితే కస్టమ్స్ వారికి స్నేహం గురించి వివరించి ప్రయోజనం ఉండదు. ప్రయాణపు వాంతులకు ప్రొమెథజైన్, డైమెన్‌హైడ్రినేట్, సినారిజిన్ వంటివి వాడతాం. ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక అంతగా పనిచేయవు. వీటితోనూ మత్తు వస్తుంది. కంట్లో ఒత్తిడి, ప్రోస్టేటు సమస్య ఉన్నవారికి వీటిలో కొన్ని పడవు. ఏది, ఎంత అన్నది మీ వైద్యుడు రాసివ్వాలి. మీరు వెళ్లేది ఎక్కువ భాగం మలక్కా జలసంధి మీదుగా, అది మహాసముద్రం అంత పోటెత్తే నీరు కాదు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకుని, వికారంగా ఉన్నప్పుడు ఫోను పక్కనపెట్టి దూరాన ఉన్న దిగంతాన్ని చూస్తే చాలామందికి మాత్ర అవసరమే పడదు.

బఫే గురించి మీకు తెలియని సలహా నా దగ్గర లేదు. 9 ఏళ్లుగా వింటున్నదే వినండి. నాకు అంతకంటే ఆందోళన కలిగించేది వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు. ఓడల్లో నోరోవైరస్ తరచుగా వ్యాపిస్తుంది. దానిమీద శానిటైజరు సరిగా పనిచేయదు, భోజనానికి ముందు సబ్బు, నీళ్లతోనే చేతులు కడుక్కోవాలి. ఏమీ తినలేక, నీళ్లు నిలవక ఉన్న రోజున డపాగ్లిఫ్లోజిన్ అనే మీ షుగరు మాత్ర కొనసాగిస్తే, షుగరు అంకె పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లనే ఆమ్ల పదార్థాలు పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్‌లను కూడా ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో తాత్కాలికంగా ఆపమని చెబుతాం. ఏది ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రేపటి వైద్యుడితో ఒక కాగితం మీద రాయించుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. మామూలు రోజుల్లో మాత్రం మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపవద్దు.

చివరిగా ఒక మాట. మీకు పాంటోప్రజోల్ ఇచ్చిన మిత్రుడిది కూడా దాదాపు మీ వయసే అయి ఉంటుంది. పండుగ ఇంట్లో ఆయన దగ్గర ఆ స్ట్రిప్ సిద్ధంగా ఎందుకుందో అడగండి. ఆయనకు కూడా మెట్లెక్కినప్పుడే మంట వస్తుంటే, రేపు ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.